ముందు గ్రౌండ్ బాగుచేశారు

ఈసారి ఒక ఆట గురించి రాస్తున్నా. చివరిదాకా చదవండి, మనకు పనికొచ్చే మాటే ఉంది.

అమెరికాలో బేస్‌బాల్ ఆడతారు. మన క్రికెట్‌లో బౌలర్ ఎట్లాగో అక్కడ పిచర్ అట్లా. గెలుపైనా ఓటమైనా పిచర్ పేరు మీదే రాస్తారు. అట్లాంటాలో ఉండే మా మేనల్లుడి పుణ్యమా అని నాకూ ఈ ఆట కాస్త ఒంటబట్టింది.

ఆ ఊరి జట్టు బ్రేవ్స్. 1990లో 97 ఆటలు ఓడి అన్ని జట్లకంటే అడుగున పడింది. సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కి 4.58 రన్స్ పిచర్ల ఖాతాలో పడ్డాయి. స్టీవ్ ఏవరీ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు 3 గెలిచి 11 ఓడాడు. టామ్ గ్లావిన్ 10 గెలిచి 12 ఓడాడు.

మనమైతే ఏమంటాం? వీళ్లు పనికిరారు, వేరేవాళ్లని తెండి అంటాం. ఆ ఏడాది చివర్లో జట్టు బాధ్యత తీసుకున్న జాన్ షూర్‌హోల్జ్ ముఖ్యమైన పిచర్లని కదపలేదు. వాళ్ల వెనక ఏముందో చూశాడు. గ్రౌండ్ అధ్వానంగా ఉంది, బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. దాన్ని బాగుచేయించాడు. బంతి ఆపడానికి పెండిల్టన్, బెల్లియార్డ్, బ్రీమ్ లాంటి ఫీల్డర్లని తెచ్చాడు. కోచ్ లియో మజోనీ పద్ధతి వేరు. ఆటకీ ఆటకీ మధ్య ఒకసారి కాదు, రెండుసార్లు బంతులు వేయించేవాడు, బలమంతా పెట్టనిచ్చేవాడు కాదు.

1991లో అదే గ్లావిన్ 20 గెలిచాడు, అదే ఏవరీ 18 గెలిచాడు. 4.58 కాస్తా 3.49కి దిగింది. జట్టు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి, ఆఖరి ఏడో ఆటలో ఓడింది.

వెనకున్నవాళ్లు ఆపుతారని నమ్మకం ఉంటే పిచర్ ధైర్యంగా బంతి వేస్తాడు. లేకపోతే అందరినీ తానొక్కడే అవుట్ చేయాలని చూసి అలిసిపోతాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి రెండేళ్లు మిర్చి వేశాడు. రెండేళ్లూ నష్టమే. ఇంట్లో అందరూ నీవల్ల కాదు, తిరిగి పో అంటున్నారు. వాడి కష్టంలో లోపం లేదు, నేను రోజూ చూస్తూనే ఉన్నా. చేను పల్లం. గట్టి వాన పడితే మూడు రోజులు నీళ్లు నిలుస్తాయి. ఇక వేరు కుళ్లక ఏమవుద్ది?

ముందు మురుగు కాలవ తీద్దాం, మట్టి పరీక్ష చేయిద్దాం, కూలీలు దొరకని రోజు మనమే నలుగురం వెళ్దాం, అప్పటికీ పండకపోతే అప్పుడు మాట్లాడదాం అన్నా. మా తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు.

మీ ఊళ్లోనూ ఇట్లాంటి కుర్రాళ్లు ఉంటారు. పొమ్మనే ముందు ఒక్కసారి వాడి చేను గట్టు మీద నిలబడి చూడండి. తొలకరికి ఇంకా టైముంది.