టిక్

మా ఇంట్లో డెస్క్‌టాప్ ఏడాది పాటు టిక్, టిక్ మంటూనే ఉంది. అర నిమిషానికోసారి. ఫ్యాన్‌లో దుమ్ము చేరిందేమోలే అనుకుని వదిలేశా. చదివేది కంప్యూటర్ సైన్స్ మరి!

అసలు కథ కరెంటు బిల్లు దగ్గర మొదలైంది. "ఆ డబ్బా రోజంతా ఆన్‌లోనే ఉంటోంది కదరా" అని నాన్న ఒక నెల గట్టిగానే అన్నారు. మన చదువు ఇంటికి పనికొచ్చే అవకాశం వచ్చిందని, లైనక్స్‌లో పవర్ సెట్టింగులన్నీ తవ్వి, హార్డ్ డిస్క్‌కి ఏపీఎం విలువ 128 పెట్టేశా. 254 అంటే పొదుపు దాదాపు లేనట్టే, కిందికి వెళ్లేకొద్దీ పొదుపు ఎక్కువ. 128 కంటే తగ్గితే డిస్క్ తిరగడమే ఆగిపోవచ్చు, అంత సాహసం వద్దనుకున్నా. బూట్ అయిన ప్రతిసారీ అదే పడేలా రాసిపెట్టి మర్చిపోయా.

లాప్‌టాప్ వాళ్ల కోసం చెప్పిన చిట్కా అది. కొన్ని సెకన్లు పని లేకపోతే చాలు, డిస్క్ తన హెడ్‌ని పక్కకి తీసుకెళ్లి పార్క్ చేసేస్తుంది. కానీ లైనక్స్ ఊరుకోదు, మనం ఏమీ చేయకపోయినా లాగ్ ఫైళ్లలో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. కునుకు పట్టేలోపు ఎవరో తలుపు కొట్టినట్టు, హెడ్ మళ్లీ లేచి రావాలి. ఆ రాకపోకలదే ఆ టిక్.

చాలా డిస్కులు ఇలాంటివి 3 లక్షల సార్లు తట్టుకుంటాయని చెప్తారు. అర నిమిషానికోసారి అంటే గంటకి 120. రోజుకి పది గంటలు వేసుకుంటే 1,200. అంటే 250 రోజుల్లో కోటా అయిపోతుంది. ఈ లెక్క నేను డిస్క్ పోయాక వేశా. స్మార్ట్ రిపోర్టులో 193వ నంబరు పక్కన 3,41,806 అని ఉంది. పోయింది కేవలం దానివల్లేనని నిరూపించలేను గానీ, నాకైతే అనుమానం లేదు.

ఇంతా చేసి మిగిల్చిందెంత? డిస్క్ మొత్తం తినేదే ఐదారు వాట్లు. దాన్ని పూర్తిగా పీకేసినా నెలకి రెండు యూనిట్లు మిగలవు.

అందులో తాతయ్య గొంతు ఉంది. ఆయన పోయే ముందు ఏడాది ఫోన్లో రికార్డు చేసిన తొమ్మిది ఫైళ్లు. ఫోన్ నిండిపోయిందని డెస్క్‌టాప్‌లోకి మార్చి, ఫోన్లో డిలీట్ చేశా. ఇంకో కాపీ లేదు. (తిట్టుకోండి, నేనూ అదే చేస్తున్నా.) రెండు రాత్రులు రికవరీ నడిపితే ఆరు వచ్చాయి. రాని మూడింట్లో 1977 దివిసీమ ఉప్పెన గురించి చెప్పింది ఒకటి. తాతయ్యది నాగాయలంక వైపు.

"తుఫాను సంగతి వచ్చిందా?" అని నాన్న ఒక్కటే అడిగారు. రాలేదన్నా. ఆ ఉప్పెన నాటికి నాన్నకి ఏడాది కూడా నిండలేదు. ఆయనకి తెలిసిందంతా తాతయ్య చెప్పగా విన్నదే.

మా పెద్ద మేనత్తకి మాత్రం అప్పుడు ఎనిమిదేళ్లు. సంక్రాంతికి వెళ్తున్నా. సెట్టింగు విషయం నాన్నకి ఇంకా చెప్పలేదు.