ఆపే మీట ఎవరి చేతిలో ఉంది?

రండి, కూర్చోండి. ఆ మంచం మీద కాదు, దాని కింద గడ్డిలో కాయలు మాగేశాం, కాలు తగులుతుంది. ఇలా కుర్చీలోకి రండి. కరెంటు ఎలాగూ ఇప్పట్లో వచ్చేలా లేదు. కబుర్లకి ఇంతకన్నా మంచి వేళ దొరుకుతుందా?

"మొగుడూ పెళ్ళాం కలిసి ఇంటర్నెట్లో వ్యాపారం పెట్టారటగా, ఎలా సాగుతోంది?" అని అడగని చుట్టం లేడు. మావారిని అడిగితే వెబ్‌సైట్ గురించి చెబుతారు. నన్ను అడిగితే వరిగడ్డి గురించి చెబుతాను. మీరు నన్ను అడిగారు కాబట్టి గడ్డితోనే మొదలవుతుంది.

2020 వేసవి గుర్తుందిగా? మార్చి 25న లాక్‌డౌన్ పడింది. మాకేమో అది కాయ ఊరే కాలం. మేమిద్దరం దానికి నాలుగు రోజుల ముందే లాప్‌టాప్‌లు సంచుల్లో పెట్టుకుని హైదరాబాద్ నుంచి నూజివీడు దగ్గర మామయ్యగారి మామిడితోటకి వచ్చి పడ్డాం. నున్న మామిడి మార్కెట్‌కి తోలితే ఏ ధర పలుకుతుందో, తరుగు ఎంత తీస్తారో, అసలు లారీ కదులుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఊరికే ఉండలేక మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "చెట్టు మీంచి నేరుగా బంగినపల్లి" అని ఒక్క ముక్క పెట్టాను. తెల్లారేసరికి అరవై పెట్టెలు అడిగారు. మరుసటేడు మావారు దాన్నే వెబ్‌సైట్ చేశారు.

మొదటి గొడవ పేరు దగ్గరే వచ్చింది. తెలుగులో నూజివీడు అంటే నూజివీడే. ఇంగ్లీషులో మాత్రం బోర్డు మీద ఒకలా, శుభలేఖ మీద ఇంకోలా ఉంటుంది. 'జడ్'కీ 'వి'కీ మధ్య 'ఐ' పెట్టేవాళ్ళు కొందరు, పెట్టనివాళ్ళు కొందరు. చివర 'డు' పలికించేవాళ్ళు ఒకరు, 'డ్'తో సరిపెట్టేవాళ్ళు ఒకరు. ఎవరెలా కొట్టినా మా కొట్టు తలుపే తెరుచుకోవాలని మూడు పేర్లు కొన్నాం. సైటులో కాయ ఒక్కటి కూడా అమ్మకముందే పేర్లకి డబ్బు కట్టామని మామయ్యగారు నెల రోజులు నవ్వారు. అంతా సర్దుకుంది అనుకుంటే 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాలో ఉన్నవాళ్ళం ఏలూరు జిల్లావాళ్ళమైపోయాం. మావారు చిరునామా పేజీ మళ్ళీ మార్చారు. పిన్‌కోడ్ మారలేదు, అదొక్కటే ఊరట.

ఇక రసాల సంగతి. నూజివీడు అంటే చిన్నరసాలు, ఇందులో మాకు వాదన లేదు. మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, నోట పెట్టుకుని జుర్రుకోవాలి. చొక్కా పాడైతేనే తిన్నట్టు. మావారికి ఆ పండునే బెంగళూరు పంపాలని పట్టుదల. పంపాం. అక్కడ పెట్టె తెరిచినావిడ ఫొటో పెట్టింది: అట్టపెట్టె అడుగున ఒక టెంక, దాని చుట్టూ తడి గడ్డి. కొరియర్‌వాళ్ళని ఏమనగలం? రసం పేరులోనే చెబుతోంది, పెట్టెలో నిలవనని. ఆ తర్వాత బంగినపల్లికే కట్టుబడ్డాం. పేరు నంద్యాల జిల్లా ఊరిది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దానికి వచ్చింది, అయినా మా తోటల్లో ఎన్ని ఏళ్ళుగా కాస్తోందో. కండ గట్టిది, పీచు తక్కువ, ప్రయాణం ఓర్చుకుంటుంది. మాగబెట్టడానికి కార్బైడ్ జోలికి వెళ్ళం, అది చట్టం కూడా ఒప్పుకోదు. అందుకే పచ్చికాయే పంపుతాం, రెండో రోజునే "పండలేదండీ" అని ఫోన్లు వస్తాయి. "బియ్యం డబ్బాలో పెట్టండి, ముచ్చిక దగ్గర వాసన వచ్చాక కొయ్యండి" అని రోజుకి ఇరవైసార్లు చెప్పేది నేనే. ఏ వెబ్‌సైటూ చెప్పదు.

అసలు యుద్ధం ఈదురుగాలి రోజున జరిగింది. మే మొదటి వారం, చీకటి పడేవేళ గంటసేపు వీచింది. టార్చి పట్టుకుని వెళ్తే చెట్ల కింద అడుగు పెట్టే చోటు లేదు. రాలిన కాయకి దెబ్బ తగిలిన చోట మచ్చ పడుతుంది, మాగేలోపే కుళ్ళుతుంది. ఊరగాయకో తాండ్రకో పోవాల్సిందే. ఇంట్లోకి వస్తే ఫోను టింగుమంటోంది, ఆర్డరు మీద ఆర్డరు. సైటులో ఇంకా నాలుగు వందల పెట్టెలు ఉన్నట్టే చూపిస్తోంది. దానికి గాలి సంగతి ఏం తెలుసు?

"ఆపేయండి," అన్నాను.

"వచ్చినవాణ్ణి వెనక్కి పంపితే మళ్ళీ రాడు," అన్నారు మావారు.

"లేని కాయ ఎక్కణ్ణుంచి తెస్తారు? బయట కొని మన స్టిక్కర్ అంటిస్తారా?"

రెండు రోజులు మాటల్లేవు. మామయ్యగారి ద్వారానే కబురు: "ఒరేయ్, మీ ఆవిడ అట్టపెట్టెలు అయిపోయాయంటోంది." మూడో రోజు ఆయనకే విసుగొచ్చి తేల్చేశారు: "గడ్డిలో చెయ్యి పెట్టేది అమ్మాయి. ఆపేదీ అమ్మాయే." ఆ రాత్రే మావారు నా ఫోనులో ఎర్ర బటన్ ఒకటి పెట్టారు. నొక్కితే అమ్మకం బందు. రాసింది ఆయనే కాబట్టి తీసేయడం ఆయనకి చిటికెలో పని. ఇంతవరకు ముట్టుకోలేదు.

పెద్ద కంపెనీలు పెట్టిన ఆలుమగల కథలూ విన్నాం లెండి. సత్యప్రభాకర్, సంగీత దంపతులు 1998లో అమెరికాలో సులేఖ మొదలుపెట్టి నిలబెట్టారు. 1984లో సిస్కో పెట్టింది కూడా దంపతులే, లియొనార్డ్ బొసాక్, శాండీ లెర్నర్. 1990లో ఆవిణ్ణి కంపెనీ తీసేసింది, ఆయనా వెంటనే బయటికొచ్చేశాడు. అంత నిలబడ్డవాడితోనూ కాపురం నిలవలేదు, తర్వాత విడిపోయారు. మా సంగతికొస్తే, ప్రైవేట్ లిమిటెడ్‌కి ఇద్దరు సభ్యులుంటే చాలని ఆడిటర్‌గారు మమ్మల్ని చూసి ముచ్చటపడ్డారు. మేం సగం సగం అని రాసుకుని పార్టనర్‌షిప్‌తోనే ఆగాం. పెళ్ళప్పుడు ఒక్క సంతకం అడిగారు, ఇక్కడ ప్రతి పేజీకీ అడిగారు. ఉద్యోగం మానింది నేను, ఆయన మానలేదు. రెండు నెలల పంట ఇద్దరి జీతాలూ మోయదు.

అదుగో, కరెంటు వచ్చింది. ఈ ఏడు ఆర్డర్లు మే నెలాఖరుతో మూసేస్తాను. రసాలు కావాలంటే మాత్రం సైటులో వెతక్కండి, సంచి పట్టుకుని మీరే రండి. రైల్లో వచ్చేట్టయితే ఒక్కటి గుర్తుంచుకోండి: స్టేషన్ పేరు నూజివీడే గానీ అది ఉండేది హనుమాన్ జంక్షన్‌లో. అక్కణ్ణుంచి మళ్ళీ బస్సెక్కాలి.