పాముపిల్ల యుపవాసము

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, డాలస్ నగరపు శివారునందు, తన యింటి వెనుక కొట్టములో బాల్ పైథాన్ జాతి కొండచిలువలను పెంచి పిల్లల నమ్ముకొను నొక వృద్ధుని కడకు, కొన్నది మొదలు ముద్ద ముట్టని తన పాముపిల్లను కొన్నాళ్ళక్రిందటనే యచ్చట విడిచివచ్చి దిగులుపడుచున్న నా మేనకోడలి కూతురితో గూడి, ఒకనాటి సాయంకాలము నేనును పోయితిని. మన దేశపు కొండచిలువను ఇంట నుంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత నేరము. బాల్ పైథానను ఈ యాఫ్రికా జాతిని మాత్ర మమెరికాలో పసివాండ్రు సైతము ముద్దుగా పెంచుకొందురు.

కొట్టమున గోడ పొడవునను అరలు. అర కొక ప్లాస్టిక్ పెట్టె. పెట్టె క్రింద నొకవైపున వేడి పట్టీ, దాని నదుపులో నుంచు థర్మోస్టాట్. వెచ్చని కొనయందు 32 డిగ్రీల సెల్సియస్, చల్లని కొనయందు 26. పాముపిల్లను విడిచిననాడే ఆ వృద్ధుడు తిండిమాట యెత్తక, బాలిక యింటనున్న విశాలమైన అద్దాల తొట్టినిగూర్చియే మొదట ప్రశ్నించెనట. నలువైపుల నుండియు వెలుతురు, దాగుటకు చాటులేదు, దినదినమును స్నేహితురాండ్ర చేతులు! ఘానా, టోగో, బెనిన్ దేశముల పచ్చికబయళ్ళలో పగలెల్ల ఎలుకబొరియలందును చెదపుట్టలందును ఒదిగియుండు ప్రాణికి, తన మేనికి గోడ తగులని చోటెల్ల గ్రద్ద కంటబడు చోటేనట. పుట్టలోని పాము మనకు క్రొత్తగాదు. అయినను, నాగులచవితినాడు పాలుపోసి వచ్చు మనము దాని కేమి కావలయునని యొకనాడైన నడిగితిమా?

అందుచే నాయన పిల్లను చిన్న పెట్టెలోనికి మార్చి, రెండుకొనలను రెండు చీకటి గూళ్ళమర్చి, వారముదినములు చేయి సోకనీయలేదు. అది యిప్పటికి 70 గ్రాముల జీవి. దాని నడుము లావును మించని చిట్టెలుకను, గడ్డకట్టినదానిని, ముందునాడే చల్లని చోట కరగనిచ్చి, సంచిలో మూసి వేడినీట నుంచి, తల 38 డిగ్రీలకు వెచ్చబడినపిదప తుడిచి తీసెను. ఈ పాముల పై పెదవి వెంబడి వేడిని పసిగట్టు గుంటలుండును. చల్లని యెలుక వానికి ఎలుకయే కాదు. బ్రతికిన యెలుకనిచ్చిన నది పామునే కొఱుకవచ్చునని యాయన భయము.

ప్రొద్దు గ్రుంకినపిదప పొడవాటి పట్టకారుతో నెలుకను గూటివాకిట మెల్లగా కదల్చెను. పిల్ల తల చాపి, నాలుక యాడించి, గ్రక్కున వెనుకకు లాగుకొని, తలను నడుమ దాచి ముద్దగా చుట్టుకొనెను.

“తాతయ్యా, ఇంకొక్కసారి చూపిస్తే తింటుందేమో! చెప్పవూ ఆయనకి?” అని బాలిక నా చెవిలో గుసగుసలాడినది. చందమామను చూపి, బూచివానిని పిలిచి, గోరుముద్దలు గుడిపించు ఇంట పుట్టిన బిడ్డ కింతకంటె వేఱేమి తోచును? ఆ వృద్ధుడు మాత్ర మెలుకను గూటివాకిట విడిచి, పెట్టెపై గుడ్డ కప్పి, దీపమార్పి, మమ్ము బయటికి తోడ్కొని పోయెను. తినిపించు విద్యలో సగము ప్రక్కకు తొలగుటయే యని నాకు తోచినది.

బయట కూర్చుండి, తనయొద్దనున్న పెద్ద మగపాము శీతకాలమంతయు పస్తుండియు బరువు తగ్గలేదని యాయన చెప్పెను. తూకము పడిపోయిననే చింతింపవలయునట. అప్పుడైనను జెర్బిల్ ఎలుక వాసన పట్టించి చూచుట మొదలగు నుపాయములు ముందు, నోరు తెఱచి పెట్టుట చిట్టచివర, అదియు ఆరితేరినవాని చేతనే.

మరల పోయి గుడ్డ తొలగించునప్పటికి ఎలుక తోక మాత్రము నోటివెలుపల మిగిలియుండెను. బాలిక కేక వేయబోయి నోరు మూసికొనెను. రెండుదినములు తాకరాదు, వారమునకు మరల నొక యెలుక అని యాయన చీటిపై వ్రాసియిచ్చెను.

ఇక మిగిలినది ఎలుకల పొట్లములు నిలువచేయు చోటు. గోంగూర దాచుకొన్న ఫ్రిజ్‌లో వానిని పెట్టనిచ్చునది లేదని నా మేనకోడలు ముందే శాసించియుండెను. గడ్డకట్టిన యెలుకలనుండియు సాల్మొనెల్లా క్రిములు సోకునని, వంటింట వానిని కరగించుటయు తగదని చెప్పి, ఆ వృద్ధు డామె పక్షమే వహించెను. తిరుగుప్రయాణమున, గ్యారేజిలో నుంచుటకొక చిన్న ఫ్రీజర్ కొంటిమి, వెల నేనిచ్చితిని.