పనిముట్టు ఎవరి చేతిలో ఉంటుంది?

ఈ పత్రిక చదివే మిత్రుల్లో చాలామందికి వీడియో గేములంటే పిల్లలు అన్నం మానేసి ఆడే ఆటలు, అంతే. నాకు అవే బతుకుదెరువు. హైదరాబాదులో పదేళ్ళకు పైగా గేముల కోసం మనుషుల్ని తయారుచేసే పని చేశాను. మట్టితో బొమ్మ చేసినట్టే కంప్యూటర్ తెర మీద తల, మెడ, భుజాలు, వేళ్ళు మలిచి, బట్టలు తొడిగి, కదలడానికి లోపల ఎముకల గూడు అమర్చి పంపడం. కేరక్టర్ మోడలింగ్ అంటారు. నేను చేసిన వాళ్ళలో ఎక్కువమంది నేనెన్నడూ చూడని దేశాల సైనికులు. ఆడవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందికీ పాతికేళ్ళు దాటకూడదు, నడుం పిడికిట్లో పట్టాలి!

మా అక్క కూతురు డిగ్రీ అయిపోయి ఈ పనే నేర్చుకుంటానంటోంది. "పిన్నీ, మాయా నేర్చుకోనా, బ్లెండర్ నేర్చుకోనా?" అని అడిగింది. మాయా ఖరీదైనది. బ్లెండర్ ఉచితం. మాయా నేర్పే సంస్థకి ఫీజు కట్టడానికి మా అక్క తన గాజులు తాకట్టు పెడతానంటోంది. అందుకని ఇది నాకు సాంకేతిక ప్రశ్నగా మాత్రమే కనిపించలేదు.

ముందు "చౌక కాబట్టి నాసిరకం" అన్న అపోహ సంగతి. మాయా 1998లో వచ్చింది. 2006 నుంచి ఆటోడెస్క్ చేతిలో ఉంది. పెద్ద స్టూడియోలు చాలావాటిలో పని దాని చుట్టూ అల్లుకుని ఉంటుంది. అమెరికాలో ఏడాది చందా 1800 డాలర్ల పైమాటే. సంపాదన తక్కువున్న వాళ్ళకోసం ఇండీ అని ఒక చౌక లైసెన్సు పెట్టారు గానీ దానికీ ఏటా కట్టాల్సిందే. బ్లెండర్ కథ వేరు. నెదర్లాండ్స్‌లో టాన్ రోసెండాల్ పెట్టిన కంపెనీ మూతపడ్డాక, 2002లో ఆయన లక్ష యూరోలు పోగుచేసి దాని సోర్స్ కోడ్‌ని విడిపించుకుందామని జనాన్ని అడిగాడు. ఏడు వారాల్లో డబ్బు వచ్చేసింది. అదే ఏడాది అక్టోబరులో అది అందరిదీ అయింది. లాత్వియా నుంచి వచ్చిన 'ఫ్లో' అనే సినిమా మొత్తం బ్లెండర్‌లో తయారైంది. దానికి 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. కాబట్టి నాణ్యత మాట ఇక్కడితో వదిలేద్దాం.

అంతమాత్రాన రెండూ ఒకటేనని నేననను. ముక్కు పక్కన ముడత, మోచేతి మీద నరం లాంటివి కోట్ల ముక్కలుగా చెక్కాలంటే జీబ్రష్ చేతికి ఒదిగినంత హాయిగా బ్లెండర్ ఒదగదు. పెద్ద జట్టులో ఎముకలు పెట్టేవాళ్ళూ, నడిపించేవాళ్ళూ వేరువేరుగా ఉన్నప్పుడు మాయా ఇప్పటికీ నమ్మకమైన పనిముట్టే. ఈ ఏడాదే స్టూడియో ఉద్యోగం కావాలంటే అక్కడ ఏది వాడతారో అదే నేర్చుకోవాలి, ఆదర్శాలు కుదరవు. ఇది మా పిల్లకి సూటిగానే చెప్పాను. కానీ గేము నడిపే ఇంజన్‌కి బొమ్మ ఎక్కడ తయారైందో పట్టదు. బొమ్మ సరిగ్గా కదలాలంటే కావలసింది నాలుగు మూలల గళ్ళతో అల్లిన వల లాంటి శరీరం. నోటి చుట్టూ, కంటి చుట్టూ ఆ గళ్ళు వలయాలుగా తిరగాలి. లేకపోతే బొమ్మ నవ్వినప్పుడు చెంప చిరిగినట్టు అవుతుంది. ఆ వల అల్లడం చేతికి రావాలి. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని అమ్మదు.

నన్ను ఆలోచింపజేసింది మరో విషయం. పెద్ద కంపెనీలు ఒకటొకటిగా సాఫ్ట్‌వేర్ అమ్మడం మానేసి అద్దెకివ్వడం మొదలుపెట్టాయి. ఆటోడెస్క్ 2016లో శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపింది. 2021 చివర్లో జీబ్రష్‌ని మాక్సాన్ కంపెనీ కొంటున్నట్టు ప్రకటించింది. ఇప్పుడది కూడా చందాకే దొరుకుతుంది. నెలనెలా అద్దె కట్టడమంటే నెలనెలా సంపాదిస్తుండాలి కదా! ఏ ఆడదాని పని జీవితం అలా తెగకుండా సాగింది? నాకు రెండో కాన్పు అయింది. ఆ వెంటనే అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. నాలుగేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. ఈ పనిలో ఉన్న నా స్నేహితురాళ్ళలో ఒకామె భర్త బదిలీతో ఊరు మారింది, ఇంకొకామె తండ్రి జబ్బుతో మానేసింది. మాతో పాటు చేరిన మగపిల్లలు ఈ నాలుగేళ్ళలో లీడ్‌లయ్యారు. అద్దె సాఫ్ట్‌వేర్ ఊహించుకునే మనిషికి కాన్పు రాదు, ఇంట్లో ఎవరూ మంచాన పడరు. ఆ ఊహని తయారుచేసిన వాళ్ళు కావాలని ఆడవాళ్ళని పక్కన పెట్టారని కాదు... వాళ్ళకి మనం గుర్తుకు రాలేదంతే.

ఆ నాలుగేళ్ళ తర్వాత హార్డ్ డిస్కు తీసి చూసుకుంటే నా సొంత బొమ్మలన్నీ భద్రంగానే ఉన్నాయి. వాటిని తెరవడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. వేరే ఫార్మాట్‌లో దాచిన రెండు మూడు మాత్రం బ్లెండర్‌లో తెరుచుకున్నాయి. ఆకారం వచ్చింది, ఎముకలు చెదిరిపోయాయి. బ్లెండర్‌కి పాత వెర్షన్లన్నీ ఈరోజుకీ ఉచితంగా దొరుకుతాయి. పదేళ్ళు మానేసి వచ్చినా అప్పటి పెట్టె అప్పటి తాళంతోనే తెరుచుకుంటుంది. విరామాలున్న జీవితానికి ఇంతకన్నా పెద్ద సౌకర్యం నాకు తోచడం లేదు.

అయితే "ఉచితం" అన్న మాట విని మనం మురిసిపోకూడదు. ఇంటి చాకిరీ కూడా ఉచితమే కదా! బ్లెండర్ నడవాలంటే మంచి గ్రాఫిక్ కార్డున్న కంప్యూటర్ కావాలి. దాని డబ్బు ఎవరిదో, అది ఇంట్లో ఎవరి బల్ల మీద ఉంటుందో ఆలోచించండి. ఇంకా పెద్ద ఖర్చు సమయం. నేను మొదటిసారి తెరిచేనాటికి అందులో ఏదైనా ఎంచుకోవాలంటే మౌస్ కుడి బటన్ నొక్కాలి. పదేళ్ళు ఎడమ బటన్‌కి అలవాటు పడ్డ వేలు అది. 2019లో వచ్చిన 2.8 వెర్షన్‌తో ఆ బాధ తీరింది. మిగతాదంతా పిల్లలు పడుకున్నాక, రాత్రి పదకొండు తర్వాత, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేర్చుకున్నదే. డబ్బు మిగిలిన చోట నిద్ర ఖర్చయింది. ఈ లెక్క ఏ పోలిక పట్టికలోనూ వేయరు.

బడ్జెట్ అనే మాట మా రంగంలో ఆడవాళ్ళ మీద ఎలా పడుతుందో 2014లో లోకమంతా చూసింది. యుబిసాఫ్ట్ వాళ్ళ 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ'లో నలుగురు కలిసి ఆడే భాగంలో ఎంచుకోవడానికి ఒక్క ఆడ పాత్రా లేదు. పెడితే కదలికలు, గొంతులు, బట్టలు అన్నీ రెండింతలు చేయాల్సి వస్తుందని కంపెనీ వాళ్ళు సంజాయిషీ ఇచ్చారు. ఆ వరుసలోనే ముందొచ్చిన గేముకి పనిచేసిన యానిమేటర్ జొనాథన్ కూపర్, అది ఒకటి రెండు రోజుల పని అని తేల్చేశాడు. కోట్లు పెట్టి తీసే గేములో కూడా ముందు కోత పడింది ఆడ శరీరం మీదే. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేక కాదు సుమా!

ఇప్పుడు నేనూ ఇద్దరు స్నేహితురాళ్ళూ కలిసి ఒక చిన్న గేము చేస్తున్నాం. అందులో ముఖ్యపాత్ర యాభై ఐదేళ్ళ మనిషి. నాట్లేసే కూలి. ఎండిపోతున్న చెరువు చుట్టూ కథ. మేక్‌హ్యూమన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వయసు, లింగం, కండ, బరువు అన్నిటికీ మీటలుంటాయి. జరుపుకుంటూ పోతే మనిషి తయారవుతుంది. వయసు మీట జరిపితే ముడతలొస్తాయి, కానీ ముప్ఫై ఏళ్ళు వంగి నాటేసిన నడుము రాదు. ఆ నడుముకి మీట లేదు. కాళ్ళ మడమలు, బొటనవేలు పక్కకి తిరగడం, మెడ వెనక గూడు... ఇవన్నీ చేత్తో చెక్కుకోవాల్సినవే.

ఇక చీర! బట్టలకోసం మార్వెలస్ డిజైనర్ అనే కొరియా సాఫ్ట్‌వేర్‌ని చాలామంది వాడతారు. దర్జీ లాగా ముక్కలు కత్తిరించి, అంచులు కలిపి కుట్టేస్తే బట్ట శరీరం మీద పడుతుంది. కోటుకీ ప్యాంటుకీ అద్భుతం. చీరలో కత్తిరించేదేముంది, కుట్టేదేముంది? అయిదున్నర మీటర్ల ఒకే గుడ్డ. నిజంగా చుట్టినట్టు చుడితే మడతలు ఒకదాంట్లోంచి ఒకటి పొడుచుకొస్తాయి, గేము అంత బరువు మోయలేదు. అందుకని పైకి కనబడే పొర మాత్రం ఉంచి లోపలి చుట్లన్నీ తీసేస్తాం, కింద ఉన్న శరీరాన్ని కూడా తుడిచేస్తాం. కుచ్చిళ్ళని గాడులుగా చెక్కుతాం. కొంగుకి విడిగా నాలుగు ఎముకలు.

మొదట మామూలు కట్టుతో చేశాం. అడుగు వేస్తే చాలు, కుచ్చిళ్ళు రెండు కాళ్ళకీ అతుక్కుని రబ్బరులా సాగాయి. అప్పుడు మాలో ఒకామె, "మా అమ్మ పొలంలో ఇలా కట్టదే, గోచీ పెడుతుంది" అంది. గోచీ కట్టు చేశాం. బట్ట ఏ కాలిది ఆ కాలితోనే కదిలింది. కంప్యూటర్‌కి ఏది సులువో మడిలో దిగే ఆడవాళ్ళకీ అదే సులువు! ఇది ఏ ఖరీదైన ప్యాకేజీ సహాయపుటల్లోనూ ఉండదు. మనుషుల జ్ఞాపకంలో ఉంది. ఇలాంటివి చేసి దాచిపెట్టుకోకూడదని ముగ్గురం అనుకున్నాం. ఏ.ఎం. డార్క్ అనే ఆర్టిస్టు నల్లజాతి వారి జుట్టు తీరులకోసం 2023లో ఒక ఉచిత త్రీడీ లైబ్రరీ తెరిచారు, గేముల్లో వాళ్ళ జుట్టుని అంతకాలం సరిగ్గా ఎవరూ చేయలేదు కనక. గోచీ చీరని కూడా అలా ఎవరికైనా వాడుకునేలా పెట్టాలని మా కోరిక.

మా అక్క కూతురికి చెప్పింది ఇదీ: ముందు ఆరు నెలలు ఇంట్లోనే బ్లెండర్‌లో చేతులు, పాదాలు, మొహాలు చెయ్యి. వాటిని ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి చూపించు. వాళ్ళు మాయా అడిగితే అప్పుడు నేర్చుకో. విద్యార్థుల కోసం ఏడాది పాటు ఉచితంగా ఇస్తారు గానీ దాంతో సంపాదించుకోకూడదు. అక్క గాజుల సంగతి అప్పుడు చూద్దాం. "అమ్మ గాజులమ్మినా నేను చేసే బొమ్మలు ఆ సైనికులేగా పిన్నీ" అంది పిల్ల. నేను ఊరుకున్నాను.

మా గేముకి మాత్రం ఒక మినహాయింపు పెట్టుకున్నాం. పెద్దావిడ మొహం చెక్కడానికి ముగ్గురం తలా కొంచెం వేసుకుని జీబ్రష్‌ని ఒక్క నెలకి అద్దెకి తీసుకుంటున్నాం. పిల్లలకి దసరా, సంక్రాంతి సెలవులు లేని నెల చూసి నవంబరు ఖాయం చేశాం. ముప్ఫై రోజుల్లో మొహం, మెడ, చేతులు అవ్వాలి. ఆ తర్వాత అన్నీ బ్లెండర్‌లోకి తెచ్చుకుని ముగ్గురి ఇళ్ళలో మూడు నకళ్ళు దాచుకుంటాం.