ముబారకియాలో ఒక శుక్రవారం

కువైట్ వచ్చిన కొత్తలో మావారు ఒక లెబనీస్ హోటలుకు తీసుకెళ్తే, నిమ్మరసం తాగి లేచి వచ్చేశాను. మాది శాకాహారం. మెనూలో ఉన్న పేర్లలో దేంట్లో మాంసం ఉందో, దేంట్లో లేదో తెలియదు. అడగడానికి మొహమాటం. ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకున్నాను.

ఇప్పుడు ఇండియా నుంచి ఎవరొచ్చినా నేనే బయల్దేరదీస్తాను. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల వంట రుచి చూడాలంటే స్పెయిన్ దాకా వెళ్లక్కర్లేదు, లెబనాన్, పాలస్తీనా, ఈజిప్టు వాళ్ల వంట కువైట్‌లో ప్రతి వీధిలోనూ దొరుకుతుంది అంటాను. ఈ ధైర్యం నాకు ఇచ్చింది రాజంపేట దగ్గర ఒక పల్లె నుంచి వచ్చి, ఇక్కడ ఒక ఇంట్లో వంట చేసే అక్క.

మా ఏరియా జమియాలో తహీనా సీసాల ముందు నిలబడి ఏది తీసుకోవాలో తేలక చూస్తుంటే వెనక నుంచి తెలుగు వినపడింది. "అది గాదు పాపా, చేదుంటాది. ఇది తీస్కో." అలా మొదలైంది పరిచయం. ఆ తర్వాత వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు. రాత్రి పదకొండు దాటాక, ఆవిడ పని అయ్యాక వచ్చేవి.

హమ్ముస్‌కి కాబూలీ శనగలు నానబెట్టేటప్పుడు చిటికెడు సోడా ఉప్పు వెయ్యమనేది. క్షారం వల్ల శనగ తొక్కలోని పెక్టిన్ విడిపోయి గింజ వెన్నలా ఉడుకుతుందని కెమిస్ట్రీ చదివిన నాకు తెలుసు. తెలిసీ ఎప్పుడూ వెయ్యలేదు. రుబ్బేటప్పుడు ఐసు నీళ్లు పొయ్యమని, తహీనాకి నిమ్మరసం తగలగానే గట్టిపడితే భయపడొద్దని, ఇంకాస్త నీళ్లు పోస్తే తెల్లగా జారుతుందని చెప్పింది. ముతబ్బల్ అయితే మన కాల్చిన వంకాయ పచ్చడే, చింతపండు బదులు నిమ్మరసం, తహీనా. "ఈళ్లకు పచ్చిమిరపకాయ యాల తెలీలేదో" అని నవ్వేది.

ఒకరోజు అడిగాను. "ఇన్నేళ్లుగా వండుతున్నావు కదక్కా, హోటల్లో కూర్చుని ఎప్పుడైనా తిన్నావా?"

"యాడ తింటాం పాపా. మామావాళ్లతో పోతే బిడ్డను ఎత్తుకోని పక్కన కూచుంటా. మిగిలింది కట్టించుకోని వస్తారు, ఇంటికొచ్చినాక తింటా."

పదకొండేళ్లుగా అంతే. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలంటుంది. ఆవిడకు దొరికేది నెలకు ఒక శుక్రవారం. అదీ ఆ ఇంటికి చుట్టాలు రాకపోతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ సెలవు గురించి కాదు. మూడేళ్లుగా ఆవిడ చెప్పినవన్నీ వండుకుని తిన్నాను, వచ్చినవాళ్లకు పెట్టి మెప్పు పొందాను, ఆవిడను మాత్రం ఒక్కసారీ భోజనానికి పిలవలేదు. ఎందుకని? నా అఖామా 22, ఆవిడది 20. ఒకటి భర్త మీద వచ్చిన వీసా, ఒకటి ఇంటి పని వీసా. మన తెలుగువాళ్లం ఇక్కడ ఈ నంబర్లను బట్టే పేరంటాలకు పిలుచుకుంటాం. పైకి ఎవరూ అనరు. నేనూ అనలేదు. కానీ పిలవలేదు.

తర్వాతి సెలవు శుక్రవారం ఇద్దరం ముబారకియా సూక్‌కి వెళ్లాం. 2022 మార్చిలో పెద్ద అగ్నిప్రమాదంలో కొంత భాగం కాలిపోయిన పాత బజారు అది. ఆరుబయట బల్లలు, బొగ్గుల పొగ, పొయ్యిలోంచి అప్పుడే తీసిన ఇరానీ రొట్టె. కబాబులు ఇరాన్ తరహావే ఎక్కువ, పక్కన వచ్చే హమ్ముస్, తబ్బూలే లెబనాన్ వైపువి. అక్క కుర్చీ అంచున కూర్చుంది. వెయిటరు పళ్లేలు తెస్తుంటే లేచి అందుకోబోయింది. నేను "కూర్చో అక్కా" అనేలోపే అతనే చేత్తో సైగ చేశాడు, కూర్చోమని.

హమ్ముస్‌లో రొట్టె ముంచి తిని, కళ్లు మూసుకుని, "నాదే బాగుంటాది" అంది. తబ్బూలేలో గోధుమ రవ్వ ఎక్కువైందంది, నిజానికి అది కొత్తిమీర జాతి పార్స్‌లీ ఆకుతో నిండి ఉండాలట. బిల్లు వచ్చాక నేను పర్సు తీస్తే చెయ్యి పట్టుకుంది. "నేను గూడా సంపాదిస్తాండా పాపా." సగం ఆవిడే ఇచ్చింది. నేను విందు ఇస్తున్నాననుకుని వెళ్లాను. ఆవిడ స్నేహితురాలితో తినడానికి వచ్చింది.

ఆవిడ నేర్పినవి మీకూ పనికొస్తాయి. "బిదూన్ లహమ్" అంటే మాంసం లేకుండా అని. పప్పు సూపు, సేమియా కలిపిన అన్నం చికెన్ నీళ్లతో చేస్తారేమో అడగండి. ద్రాక్షాకు చుట్టల్లో "యలంజీ" అన్నవి మాంసం లేనివి. ముహమ్మరాలో అక్రోట్లు ఉంటాయి, పిల్లలకు పడకపోతే జాగ్రత్త. 1990కి ముందు పాలస్తీనావాళ్లు ఎక్కువగా ఉన్న హవల్లీలో ఫలాఫెల్ చవకగా తినొచ్చు. కాస్త ఖర్చు పెట్టుకోగలిగితే 1953 నాటి మైస్ అల్‌ఘానిమ్ ఉంది.

స్పెయిన్, గ్రీస్, ఇటలీ, మొరాకోల పేరుతో ఈ తిండి పద్ధతిని 2010లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఆలివ్ నూనె, పప్పులు మాత్రమే కాదు, నలుగురూ కలిసి కూర్చుని తినడం కూడా ఉంది.

వచ్చే నెల సెలవుకి అక్క మా ఇంటికి వస్తోంది. ఏం వండమంటావని అడిగితే, "మీ గోదారోళ్ల పనసపొట్టు కూర చెయ్యి పాపా, నేను కూచోని తింటా" అంది.