ఎడంకాలితో వాయించే మొనగాడు

ఆర్కెస్ట్రాలో జాజ్ డ్రమ్స్ వాయించేవాడి బతుకేమిటో నన్నడగండి! కచేరీ అయ్యాక ఆటోగ్రాఫులన్నీ పాడినవాళ్లకే. వెనకాల చెమటలు కక్కినవాడికి దక్కేది చల్లారిన ఉప్మా. ఆరేళ్లు ఆ ఉప్మా తిన్నవాణ్ణి గనక, డ్రమ్మర్లంటే నాకు కాస్త పక్షపాతం. ఉండదు మరీ?

వాళ్లందర్లోకీ నా హీరో రిక్ ఎలెన్. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ కుర్రాళ్ల బృందం 'డెఫ్ లెపర్డ్'లో 1978లో చేరాడు. అప్పటికి నిండా పదిహేనేళ్లు! 1983లో వాళ్ల 'పైరోమానియా' ఆల్బమ్ అమెరికాని ఊపేసింది. ఇంకేం కావాలి?

1984 డిసెంబర్ 31న షెఫీల్డ్ దగ్గర అతని కారు పల్టీ కొట్టింది. ఎడంచెయ్యి తెగిపోయింది. డాక్టర్లు మళ్లీ అతికించారు గానీ, ఇన్‌ఫెక్షన్ రావడంతో తీసెయ్యక తప్పలేదు. డ్రమ్మర్‌కి చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది చెప్పండి? సినిమాల్లో అయితే ఇక్కడ ఇంటర్వెల్ కార్డు పడుతుంది.

ఆస్పత్రి మంచం మీదే అతను కాళ్లతో తాళం వెయ్యడం మొదలెట్టాడు. ఎడంచెయ్యి చేసే పని ఎడంకాలికి నేర్పాలన్నమాట! అందుకని పెడల్స్‌తో ప్రత్యేకంగా ఎలక్ట్రానిక్ డ్రమ్స్ తయారు చేయించుకున్నాడు. కాలితో తొక్కితే స్నేర్ మోగుతుంది. వినడానికి సులువుగానే ఉంది కదూ? నేనూ ఎడంచెయ్యి జేబులో పెట్టుకుని ప్రయత్నించాను. రెండు నిమిషాల్లో పిక్క పట్టేసింది, తాళం ఎటో పోయింది!

తోటివాళ్లు మాత్రం ఇంకో డ్రమ్మర్‌ని పెట్టుకోలేదు. నాకు మహా నచ్చింది ఇదే. మా ఆర్కెస్ట్రాలో అయితే వారం జ్వరమొచ్చినా ఇంకొకణ్ణి తెచ్చేవారు.

1986లో ఐర్లండ్ కచేరీలకి తోడుగా జెఫ్ రిచ్ అనే డ్రమ్మర్‌ని కూర్చోబెట్టారు. ఒకరోజు అతను రావడం ఆలస్యమైంది. రిక్ ఒక్కడే మొదలెట్టేశాడు! ఇక రెండో మనిషి అవసరం లేకపోయింది. ఆ ఆగస్టులోనే డానింగ్టన్ మైదానంలో జనం ముందుకొచ్చాడు. పాటగాడు జో ఇలియట్ అతని పేరు చెప్పగానే జనం హోరెత్తిపోయారట.

1987లో వచ్చిన 'హిస్టీరియా' రెండు కోట్లకు పైగా అమ్ముడైంది. అందులో డ్రమ్స్ చాలావరకు యంత్రాల సాయంతో పేర్చినవే. అంచేత అతని అసలు సత్తా స్టేజి మీదే చూడాలంటాను. 2019లో ఆ బృందం రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

కచేరీ వీడియో దొరికితే చూడండి. పాడేవాణ్ణి కాసేపు వదిలెయ్యండి. వెనకాల ఆ ఎడంకాలిని చూడండి!