చల్లారిన ఇంజను చెప్పిన నిజం

శీతకాలపు తెల్లవారుజామున ఇంద్రావతి మీది పొగమంచు జగదల్‌పూర్ వీధులలోకి దిగివస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణపు చలి మనుషులనే కాదు, యంత్రాలను కూడ పరీక్షిస్తుంది. 1980వ దశకంలో అక్కడి టాక్సీ డ్రైవరు ఒకరికి ఆ పరీక్ష జీవనాధారాన్నే ప్రశ్నించేదిగా పరిణమించింది.

బస్తర్ అప్పటికి మధ్యప్రదేశ్‌లో ఒక జిల్లా. 39 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ జిల్లా కేరళ రాష్ట్రం కంటె పెద్దది. 1998లో అది మూడు జిల్లాలయింది. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లో భాగమయింది. ఆ రోజులలో మారుమూల నుండి రోగిని పట్టణానికి చేర్చవలసి వస్తే అద్దెకారే చాలామందికి దిక్కు. శబరి ఒడ్డున ఉన్న కుంట ప్రాంతం నుండి వచ్చిన ఆ తెలుగువానికి ఉన్న ఆస్తి ఒక పాత అంబాసిడర్ మాత్రమే. దర్భా ఘాటు మీదుగా సుక్మా వైపు వెళ్లే బేరాలు తెల్లవారక ముందే వచ్చేవి. సరిగా ఆ వేళకే కారు మొరాయించేది. ఇంజను అంటుకొన్నా వణికేది, దగ్గేది, ఆగిపోయేది. చోక్ లాగి పది నిమిషాలు ఉంచితే గాని దారికి వచ్చేది కాదు. వేడెక్కిన తరువాత మాత్రం ఏ లోపమూ కనిపించేది కాదు.

ఇద్దరు మెకానిక్కులు పరీక్షించారు. ప్లగ్గులు నల్లబడి ఉండడం, పొగ నల్లగా రావడం చూసి, "రింగులు అరిగిపోయినవి, బోరు చేయించవలసిందే" అని తేల్చారు. అందుకు కావలసిన డబ్బు భార్య మెడలోని గొలుసు అమ్మితే గాని సమకూరదు. చివరి ప్రయత్నంగా అతడు ఒక వృద్ధ తెలుగు మేస్త్రీ షెడ్డుకు వెళ్లాడు.

మేస్త్రీ బానెట్ ఎత్తనైనా ఎత్తలేదు. "ఇంతదూరం నడిపి తెచ్చావు. వేడిమీద ఉన్న బండికి జబ్బు కనపడదు నాయనా! రాత్రికి ఇక్కడే వదలిపెట్టు. తెల్లవారుజామున రా" అన్నాడు.

మరునాడు మసక వెలుతురులో రేడియేటరు మీద చెయ్యి వేసి, మంచువలె చల్లగా ఉన్నదని నిశ్చయించుకొన్న తరువాతనే ఇంజను తిప్పించాడు. అది వణకసాగింది. మందపాటి పొడిగుడ్డతో పట్టుకొని ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా ఊడదీసి మళ్లీ తగిలించాడు. మూడవ, నాలుగవ సిలిండర్ల తీగలు తీసినపుడు ఇంజను కుంగింది. అంటే అవి పనిచేస్తున్నవి. మొదటి రెండింటి తీగలు తీసినపుడు మార్పు దాదాపు లేదు. ఇంజను ఆపించి, ఆ రెంటి ప్లగ్గులు విప్పి, సెల్ఫ్ తిప్పమని రంధ్రాన్ని బొటనవ్రేలితో మూసి చూశాడు. రెండు చోట్లా వత్తిడి వ్రేలిని బలంగా తోసివేసింది.

"రింగులు బాగానే ఉన్నవి" అన్నాడు మేస్త్రీ.

మిగిలిన తర్కం సులభమైనది. అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజనులో మొదటి రెండు సిలిండర్లకు గాలి, పెట్రోలు ఒకే ద్వారం గుండా వెళ్తాయి. చివరి రెంటికి మరొకటి. రెండు పొరుగు సిలిండర్లు కలసి నీరసించినపుడు మొదట అనుమానించవలసినది ఆ ఉమ్మడి ద్వారాన్నే. ప్లగ్గులు బిగించి మళ్లీ ఇంజను నడిపించి, మానిఫోల్డు అతుకు మీద ఆయిల్ క్యాన్‌తో నాలుగు చుక్కలు వేశాడు. నూనె లోపలికి పీల్చుకుపోయింది. వణుకు ఒక క్షణం తగ్గింది. అక్కడి ప్యాకింగు చెడి, బయటిగాలి దొంగచాటుగా లోనికి పోతున్నది.

సుమారు పదిహేను పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు ఇంజనుకు సరిపడే ఆహారం. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక ఆ పాలు ఇంకా పెరగాలి. అటువంటి సమయంలో అదనపు గాలి చొరబడితే మంట నిలవదు. లోహం వేడెక్కి వ్యాకోచించగానే సందు మూసుకొంటున్నది, జబ్బు దాగికొంటున్నది. ఇక నల్లని ప్లగ్గులు, నల్లని పొగ జబ్బు కాదు. చోక్‌ను అతిగా వాడిన ఫలితం. చికిత్స మిగిల్చిన మచ్చలను చూసి ముందటివారు రోగమని భ్రమించారు.

కొత్త ప్యాకింగు వేసి, నట్లను సమంగా బిగించడానికి ఒక పూట పట్టింది. గొలుసు అమ్మవలసిన అవసరం రాలేదు. ఆ మరునాటి చీకటిలో కారు మొదటి తిప్పుకే అంటుకొని, కొద్దిసేపటికే చోక్ మూసినా నిలకడగా నడిచింది. అప్పటికే ఒక నిండు చూలాలి ఇంటివారు గేటు దగ్గర ఎదురుచూస్తున్నారు.

ముందటి మెకానిక్కులు పని తెలియనివారు కారు. వారు చూసిన వేళ సరియైనది కాదు, అంతే. ఇంటిలోని బిడ్డ గాని, పొరుగువాడు గాని ఎప్పుడు, ఏ పరిస్థితిలో తడబడుతున్నాడో ఆ వేళ దగ్గరుండి చూడక, అంతా సర్దుకొన్న తరువాత తీర్పు చెప్పేవారికి కూడ ఇదే పొరపాటు జరుగుతుంది. వృద్ధ మేస్త్రీ చేసిన ఘనకార్యం ఒక్కటే: ఆయన ఒక రాత్రి ఆగాడు.